ముల్లు నడిచొచ్చిన దారి

సముద్రపొడ్డున ఉన్న గిలకలదిండిలో ఆడవాళ్లు పొద్దున్నే వాకిలి ఊడ్చి, చెత్తతోపాటు టేకు ముళ్లు కూడా ఎత్తి పారేస్తారు. టేకంటే చాటలా పరుచుకునే చేప. దాని తోకకున్న విషపు ముల్లు గుచ్చుకుంటే ఎంతటి మగాడైనా ఏడవాల్సిందే, అందుకని వలలో పడగానే తోక నరికి సముద్రంలోకి విసిరేస్తారు. మర్నాడు తెల్లారేసరికి ఆ ముల్లు తన చేపను వెతుక్కుంటూ ఒడ్డుకొచ్చి, చేప ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. చెప్పులేసుకుని ఊడవమని కొత్తకోడళ్లకు చెప్పడం తప్ప, దీని గురించి అక్కడెవరూ పెద్దగా మాట్లాడుకోరు.

చేపలమ్ముకునే వీరదుర్గకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. గుడివాడ బస్సుకు బోర్డున్నా సరే, డ్రైవర్ని అడిగి గానీ ఎక్కదు. పెళ్లయి పన్నెండేళ్లయినా మొగుడు పోతయ్యను సగమే నమ్ముతుంది.

కొన్ని రకాల టేకుల్ని పట్టకూడదని చట్టమొచ్చిన కొత్తలో, బందరు నుంచి గిరిధర్ అనే ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. చేపలు కొనే సత్తిబాబు షెడ్డులో తోలు ఒలిచిన టేకొకటి తొట్టిలో కనబడింది. పొద్దున పోతయ్య అమ్మిందేనన్నాడు సత్తిబాబు. పోతయ్యను పిలిపించారు.

"నేనమ్మింది చుక్కల టేకండీ. తోక నేనే నరికాను" అన్నాడు పోతయ్య.

"పట్టకూడని టేకుకి వీపంతా ముళ్లుంటాయి, తోకకి మాత్రం ఉండదు. దీనికి తోలూ లేదు, తోకా లేదు. ఏ జాతని రాయమంటావు?" అన్నాడు గిరిధర్. "రేపు పొద్దుటిదాకా చూస్తాను. దీని దగ్గరికి ముల్లొస్తే సరే. రాకపోతే నీ మీద కేసు, పడవ మాకు."

ఇంటికెళ్లాక వీరదుర్గ అడిగింది. "నిజం చెప్పు మావా, దానికి ముల్లుందా?"

"ఉందన్నానుగా" అని పోతయ్య మొహం తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడమే ఆమెకు చాలు.

మర్నాడు పొద్దెక్కినా తొట్టి దగ్గరికి ముల్లు రాలేదు. గిరిధర్ కాగితాలు తీశాడు.

"ఒప్పేసుకో మావా. కాళ్లు పట్టుకుంటే సారు పడవైనా వదుల్తారు" అంది వీరదుర్గ అందరి ముందూ.

పోతయ్య ఆమె వంక చూశాడు.

ఆ చూపు తట్టుకోలేక ఆమె తల దించుకుంది. తడి ఇసుకలో సన్నటి గీత కనబడింది, రెండువైపులా ముల్లుకుండే రంపపు పళ్ల గుర్తులతో. నీళ్ల దగ్గర్నుంచి వచ్చి, తొట్టి పక్కనుంచే సాగిపోయి, షెడ్డు వెనక ఐసు పెట్టె దాకా వెళ్లింది. వెంట వెళ్లి మూత ఎత్తింది. ఐసులో చుక్కల టేకు. తెగిన తోక మొదట్లో ముల్లు వచ్చి ఆనుకుని ఉంది.

"మా చేప ఇక్కడుంది సార్. తొట్టిలో ఉన్నది ఎవరిదో సత్తిబాబునే అడగండి."

గిరిధర్ కాగితంలో పోతయ్య పేరు కొట్టేసి, ఇంకో పేరు రాసుకున్నాడు.

ఇంటి దారిలో వీరదుర్గ సిగ్గుతో మొగుడి వెనకే నడిచింది. "మొహం తిప్పుకున్నావుగా, అందుకే అనుకున్నా" అంది.

"నువ్వు అడిగినందుకు తిప్పుకున్నా" అన్నాడు పోతయ్య.

ఆ రోజు నుంచి పోతయ్య పడవ మీద టేకు తోక నరకడం మానేశాడు. విషపు ముల్లుతోనే చేపను మోసుకొచ్చి వాకిట్లో పెట్టి, ఆమెను పిలుస్తాడు. రెండుసార్లు ముల్లు గుచ్చుకుని అతని చెయ్యి వాచింది. "వద్దు మావా, నేను నమ్ముతున్నాగా" అని ఏడుస్తుంది వీరదుర్గ. ఏడుస్తూనే వంగి, తోక వంక చూస్తుంది.