కంచె లోపలి చెలమ

“ఆవిడ చేత ఆ బొమ్మ పట్టించావా లేదా?” ఫోన్లో రంగనాథ్ గొంతు కస్సుమంది.

“పట్టుకోనంటోంది సార్.”

“అంటే ఊరుకుంటావా? ఆ ట్రస్టుకి వెబ్‌సైట్ ఊరికే చేసిపెట్టింది దేనికనుకున్నావ్? ముందు టేబుల్స్‌లో కూర్చునేవాళ్ళు రేపు మన కంపెనీలో పెట్టుబడి పెట్టాల్సినవాళ్ళు. ఏదన్నా తేడా వచ్చిందో, నీ వర్క్ పాస్ రెన్యూవల్ మీద సంతకం పెట్టను. ఇండియా వెళ్ళి కూర్చో.”

కాత్యాయని ఫోన్ జేబులో పడేసుకుంది. పొద్దున బెడోక్‌లో రైలెక్కేముందు తిన్న రెండు బ్రెడ్డు ముక్కలే ఆమె కడుపులో ఉన్నవి. అప్పట్నుంచి సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఈ హోటల్ హాల్లో తెరతో, తీగలతో కుస్తీ పడుతోంది. చదివింది ప్రోగ్రామింగే గానీ, రంగనాథ్ కంపెనీలో ప్రోగ్రామర్ అంటే కుర్చీలు కూడా సర్దాలి.

కెన్యాలో ఏనుగుల అభయారణ్యం నడిపే ట్రస్టు అది. అడవిని ఇంకా పెంచుతామని చందాల కోసం వచ్చింది. రెండువేల సంవత్సరం. సింగపూర్‌లో డాట్‌కామ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. కొత్త డబ్బుకి కాస్త పుణ్యం కూడా కావాలి కదా. ఈ చందాల విందుకి ఆ కంపెనీలవాళ్ళు కాత్యాయని రెండు నెలల జీతమంత పోసి ఒక్కో టేబుల్ కొనుక్కున్నారు.

వేదిక వెనక గదిలో నైసులా కూర్చుని ఉంది. మెడనిండా పూసల పట్టెడలు. అక్కడి పశువుల కాపర్ల తెగ మనిషిని చూపిస్తే జనం కరుగుతారని ట్రస్టు డైరెక్టర్ ఎడ్వర్డ్స్ ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. వేదికమీద పట్టుకోవాల్సిన దూది ఏనుగుపిల్ల బొమ్మ కాళ్ళ దగ్గర పడి ఉంది.

ఆమెకి ఇంగ్లీషు రాదని ఎడ్వర్డ్స్ చెప్పాడు. అందుకే కాత్యాయని బొమ్మని తీసి, చంటిపిల్లకి చూపించినట్టు చేతులతో చూపించింది.

“నేను బడిపంతులమ్మని. నాకు బొమ్మలొద్దు,” అంది నైసులా, శుభ్రమైన ఇంగ్లీషులో.

కాత్యాయని తెల్లబోయింది. “నీకు ఇంగ్లీషు రాదన్నారే?”

“ఇక్కడ మాట్లాడొద్దన్నారు. మా భాషలో చెప్తే ఎడ్వర్డ్స్ అర్థం చెప్తాడట. రిహార్సల్లో నేను, మా నీళ్ళు మాకివ్వండి అన్నాను. ఆయనేం చెప్పాడు?”

‘ఏనుగులు మా తోబుట్టువులు, మీ దయవల్ల బతుకుతున్నాయి’ అని చెప్పాడు. విని కాత్యాయని కూడా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు ఒళ్ళు మండింది, ఎవరిమీదో తెలీకుండానే.

“నీ పేచీకి నా ఉద్యోగం పోతుంది.”

“మా నీళ్ళమీదే నడుస్తోందా నీ ఉద్యోగం?”

నైసులా గొంతు తగ్గించలేదు. ఎండాకాలం ఏరు ఎండితే ఇసక తవ్వి నీళ్ళు తోడుకుంటారట. పగలు పశువులు, రాత్రి ఏనుగులు తాగేవట. ట్రస్టు కంచె వేశాక ఆ గుంటలన్నీ లోపలికి పోయాయి. దాహానికి ఆగలేక ఆవుల్ని లోపలికి తోలుకెళ్ళిన తమ్ముణ్ణి గార్డులు కాలు విరగ్గొట్టి పట్టుకుపోయారు.

“ఈ మాట బయటంటే వాణ్ణి ఇక వదలరన్నారు. అందుకే వచ్చాను,” అంది.

చెలమలు, అనుకుంది కాత్యాయని. ఆత్మకూరు దాపున, నల్లమల అంచున పుట్టిన పిల్ల ఆమె. అవ్వ అంకమ్మ జీవాలు పులుల అడవిలోకి పోయాయని ఫారెస్టోళ్ళు తోలుకుపోతే, అవ్వ రేంజి ఆఫీసు ముందు రోజంతా ఎండలో కూర్చుంది. గార్డులు పకపకా నవ్వారు. సింగపూర్‌లో ఎవరడిగినా కాత్యాయని మాది వ్యవసాయం అని చెప్పేది, గొర్రెల మాట ఎత్తేది కాదు.

నాకెందుకొచ్చిన గొడవ అనుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయింది. బొమ్మ మాత్రం అక్కడే వదిలేసింది.

హాలు నిండింది. మైకుల పెట్టె చూసే చైనా ముసలాయన కడుపు పట్టుకున్నాడు. “ఆకలి చంపేస్తోంది, మకాన్‌కి పోతున్నా, నువ్వు చూడు లా! గోలైతే ఆ ఎర్ర స్విచ్ నొక్కు, మైకు ఆగిపోతుంది, అంతే,” అని ఇంగ్లీషులో చెప్పి జారుకున్నాడు.

నైసులా వట్టి చేతులతో వేదిక ఎక్కింది. తన భాషలో మొదలుపెట్టింది. పక్కన ఎడ్వర్డ్స్ తేనె పూసిన గొంతుతో అర్థం చెబుతున్నాడు. కాత్యాయని వరసప్రకారం తెరమీద బొమ్మలు మారుస్తోంది. ఏనుగులు, సూర్యాస్తమయం, మళ్ళీ ఏనుగులు. తర్వాత నేలమీద పడున్న కుర్రవాడు, చేతులు వెనక్కి కట్టేసి, పక్కన పశువుల్ని తోలే కర్ర. ‘పట్టుబడ్డ వేటగాడు’ అన్న అక్షరాలు కాత్యాయని టైపు చేసినవే. ట్రస్టు పంపింది, తను పెట్టింది.

హాల్లో చప్పట్లు మోగాయి. నైసులా వెనక్కి తిరిగి చూసింది. తెరమీది అక్షరాలు చదివింది. తర్వాత మైకు చేతిలోకి తీసుకుని ఇంగ్లీషులో అంది:

“వీడు మా తమ్ముడు. బాగా చూడండి. తుపాకీ ఎక్కడుందో వెతకండి.”

చప్పట్లు తెగిపోయాయి. రంగనాథ్ టేబుళ్ళ మధ్యనుంచి పరుగున వచ్చాడు.

“మైక్ కట్ చెయ్యి!”

కాత్యాయని వేలు ఎర్ర స్విచ్ దాకా వెళ్ళింది. తెరమీది కుర్రవాడు ఆమెకేసే చూస్తున్నాడు.

“చెయ్యను సార్.”

“మతిపోయిందా? ఎవరో అడివి మనిషి కోసం నీ బతుకు పాడుచేసుకుంటావా? రేపే నీ పాస్ క్యాన్సిల్ చేయిస్తా, విమానం ఎక్కిస్తా!”

“ఎక్కించు పో.” నాలుగేళ్ళుగా ఆఫీసులో వాడని యాస నోట్లోంచి ఊడిపడింది. “చెప్పనీ ఆ యమ్మని. నడమ ఆపేదానికి నాకు చెయ్యి రాదు.”

అతను పెట్టెకోసం చెయ్యి చాచాడు. కాత్యాయని రెండు చేతులూ అడ్డంపెట్టి దానిమీదికి ఒరిగింది. అతని గోళ్ళు ఆమె మణికట్టుని గీరాయి. ముందు టేబుల్ దగ్గర ఒకాయన ఫోర్కు పళ్ళెంలో పెట్టి వెనక్కి తిరిగి వీళ్ళనే చూస్తున్నాడు. వేదికమీద ఎడ్వర్డ్స్ నవ్వు చెదరకుండా మైకు అందుకోబోయాడు.

నైసులా దాన్ని రెండో చేతిలోకి మార్చుకుంది.

“ఇంకా ఉంది,” అంది.