పై గదిలో మూడు రోజులు

“అమ్మా, ఈ నెల సులోచన బయటుండేది ఎప్పుడు?”

రామ్‌చందర్ తల్లిని ఈ మాట అడిగినప్పుడు సులోచన వాళ్లిద్దరికీ నడుమనే నిలబడి కప్పుల్లో చాయ్ పోస్తున్నది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. అయినా మొగుడి ప్రశ్న ఆమె భుజం మీదుగా అటు పోయింది, అత్త జవాబు ఆమె భుజం మీదుగా ఇటు వచ్చింది.

“ఇరవై రెండుకు,” అన్నది నాగమణమ్మ, క్యాలెండర్ వైపు చూడకుండానే. “దాని తారీఖు ఒక్క దినం అటుగాదు, ఇటుగాదు. గడియారం లెక్క.”

ఇరవై ఆరేళ్ల కింద గౌలిపురాలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి సులోచన ఒంటి సంగతి వంటింటి గోడకు కూడా తెలుసు. తలుపు పక్కన క్యాలెండర్, దానికి దారంతో వేలాడే ఎర్ర పెన్సిల్. పాలు రాని రోజుకు అడ్డగీత, గ్యాస్ బండ మార్చిన రోజుకు ఇంటూ గుర్తు, కోడలు బయట కూర్చున్న రోజుకు సున్నా. రామ్‌చందర్‌కు మాదన్నపేటలో కిరాణా దుకాణం ఉంది. అక్కడ ఏ డబ్బాలో ఏముందో కళ్లు మూసుకుని చెబుతాడు మహానుభావుడు. పెళ్లాం తారీఖు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ తెలియదు. అవసరం పడితే తల్లిని అడుగుతాడు.

ఇప్పుడు అవసరం పడింది. ఇరవై ఒకటిన తెల్లవారి అందరూ సముద్రానికి బయల్దేరుతున్నారు. విజయవాడ, రాజమండ్రి, కాకినాడ, అక్కడి నుంచి ఉప్పాడ మీదుగా సముద్రం అంచునే పోయే రోడ్డు, తర్వాత అన్నవరం, విశాఖ, సింహాచలం, చివరికి భీమిలి. ఏడుగురు పట్టే కారు మాట్లాడారు. నిజానికి మార్చి మొదటి వారం పోదామని సులోచన చెప్పింది. జల్‌పల్లిలో ఇల్లు కట్టుకున్న మరిది శ్రవణ్‌కుమార్‌కు ఆఫీసులో అప్పుడు సెలవు దొరకదన్నారు. ఫిబ్రవరికి జరిపారు, హోటళ్లు బుక్ చేశారు, ఎవరెక్కడ కూర్చోవాలో కూడా అనుకున్నారు. అంతా అయ్యాక, ప్రయాణం మూడు రోజుల్లో ఉందనగా, సులోచనకు ఒక ఒళ్లుందని వాళ్లకు గుర్తుకొచ్చింది.

“దారిల రెండు గుళ్లు తగుల్తయ్. నడిమిట్ల అయితె ఎట్లరా?” అన్నది నాగమణమ్మ. “కార్ల దూరం కూసునేటందుకు జాగ సుత ఉండది.”

“ఫికర్ జెయ్యకు. గోలీలు తెస్త,” అన్నాడు రామ్‌చందర్ చాయ్ ఊదుకుంటూ. “ఇయ్యాల్టి సంది షురూ జేస్తె సరిపోతది.”

సులోచన గిన్నె సింకులో పెట్టి, “సూట్‌కేసు దింపుకొస్త,” అని ఎవరికీ కాకుండా చెప్పి మెట్లెక్కింది.

డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, రేకుల గది. ఇనుప మంచం, ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు, మూలకు ట్రంకు పెట్టె. ఇదీ సులోచన బయటుండే చోటు. కిటికీలోంచి చూస్తే దూరంగా ఫలక్‌నుమా గుట్ట, దగ్గరగా పక్క డాబా మీద పావురాలను ఎగరేసే ముసలాయన కనిపిస్తారు. పెళ్లయిన కొత్తలో ఈ గదిలో ఆమె ఏడ్చిన ఏడుపు ఆ పావురాలకే తెలుసు. గడప అవతల అన్నం కంచం పెట్టి, ముట్టుకోకుండా వెనక్కి నడిచిపోయే అత్తను చూసి షాద్‌నగర్ బస్సెక్కి తల్లిగారింటికి పారిపోదామనుకున్న రోజులున్నాయి. ఇరవై ఆరేళ్లలో ఆ మూడు రోజుల్లో ఒక్కనాడైనా రామ్‌చందర్ ఈ మెట్లెక్కి, “ఎట్లున్నవ్?” అని అడగలేదు. ఆ రోజుల్లో ఆయనకు భార్య ఊరికి పోయినట్టే.

కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఒక సంగతి తెలిసొచ్చింది. కింద ఉన్న ఇరవై ఏడు రోజులు “సులోచనా, నా అద్దాలేవి”, “అమ్మా, నా చున్నీ ఏది”, “ఏమే, పప్పు మాడు వాసనొస్తుంది” అని పిలుపు మీద పిలుపు. పైన ఉన్న మూడు రోజులు ఒక్క పిలుపు లేదు. ముట్టుకుంటే మైల కాబట్టి ఎవరూ రారు, ఏదీ అడగరు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా మొద్దు నిద్ర పోయేది. ఇంట్లో ఎవరూ ఆకలికి చచ్చిపోలేదు. నాగమణమ్మ మోకాళ్లు పట్టుకుంటూనే పప్పుచారు పెట్టేది, రామ్‌చందర్ హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చేవాడు, రోజులు నడిచేవి. ఇది అవమానమని సులోచనకు తెలియక కాదు. కూతురు మనస్విని పదో తరగతిలో నానమ్మతో పెద్ద లొల్లి చేసి తనకు ఈ గది తప్పించుకుంది. “నీకు సిగ్గనిపించదా అమ్మా?” అని ఆ పిల్ల ఇప్పటికీ అడుగుతుంది. అనిపిస్తుంది. ఎందుకనిపించదు? కానీ ఈ ఇంట్లో అవమానం, విశ్రాంతి రెండూ ఒకే గదిలో ఉన్నాయి. ఒకదాన్ని వదిలేస్తే రెండోది దొరికే చోటు వేరే ఎక్కడా లేదు. ఈ మాట ఇరవై ఏళ్ల పిల్లకు ఎట్లా చెప్పాలో సులోచనకు తెలియలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో అది ఆగిపోయింది. ఒక నెల ఆలస్యమనుకుంది. పది రోజులు దాటాక నాగమణమ్మ క్యాలెండర్ ముందు నిలబడి, “ఇంక కాలేదానె?” అన్నది. ఆ క్షణాన సులోచన నోట్లోంచి, “అయింది అత్తమ్మా,” అని వచ్చేసింది. ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు. కాళ్లు వాటంతటవే మెట్లెక్కాయి. తర్వాతి నెలా అంతే. ఆ తర్వాతా అంతే. నాలుగో రోజు శుభ్రంగా ఉన్న దుప్పట్లనే నానబెట్టి, ఉతికి, డాబా మీద ఆరేసేది. రామ్‌చందర్ నల్ల కవర్లో చుట్టి పంపించే ప్యాకెట్లను విప్పకుండానే ట్రంకు పెట్టెలో పెట్టేది. ఇప్పుడు అందులో పది ఉన్నాయి.

ఆగిపోయిందని చెప్పుకోవడానికి మనిషి కావాలి కదా. తల్లి లేదు. కూతురుతో చెబితే డాక్టర్ అంటుంది, ఆ డాక్టర్ సంగతి ఇల్లంతా తెలుస్తుంది. ఒక ఆదివారం రామ్‌చందర్‌తో చెబుదామని, “ఈ మధ్యల నాకు ఉన్నట్టుండి ఒళ్లంత మంటలు లేస్తున్నయ్,” అన్నది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, “ఎండలట్లున్నయ్ మరి,” అన్నాడు. అది డిసెంబరు. ఆమె స్వెటర్ విప్పి పక్కన పెట్టి, లోపలికి పోయి చన్నీళ్లతో మొహం కడుక్కుంది. ఒంట్లో ఇంత పెద్ద మార్పు జరుగుతుంటే ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద తానొక్కతే. అప్పుడు కలిగిన ఒంటరితనం ఈ రేకుల గదిలో ఎన్నడూ కలగలేదు.

ట్రంకు పెట్టెలో ప్యాకెట్ల పక్కన రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. సముద్రం ఈ గదిలోనే పుట్టింది. మనస్విని పాత ఫోన్లో ఒకనాడు సముద్రం పక్కన పోయే రోడ్డు వీడియో చూసింది సులోచన. నలభై ఎనిమిదేళ్లకు ఆమె చూసిన పెద్ద నీళ్లంటే నాగార్జునసాగర్, అదీ బడిలో ఉన్నప్పుడు. అప్పటి నుంచి పైకి వచ్చిన ప్రతిసారీ రాసుకున్నది. టిఫిన్‌కు ఎక్కడ ఆగాలి, మోకాళ్ల నొప్పులున్న అత్త కూర్చోగలిగే కుర్చీ బాత్రూం ఏ హోటల్లో ఉంది, మనస్వినికి కారు పడదు కాబట్టి అల్లం మురబ్బా, రామ్‌చందర్ బీపీ మాత్రలు. ఒక పేజీలో తన కోసం ఒకే ఒక్క వాక్యం రాసుకుంది: “కాకినాడ దాటినంక సముద్రం కుడిచేతి దిక్కు.” ఆ నోట్‌బుక్‌ను మనస్విని ఫొటోలు తీసి ఇంటి గ్రూపులో పెట్టింది. శ్రవణ్‌కుమార్ “సూపర్ ప్లాన్ అన్నా” అని అన్నకు మెచ్చుకోలు పంపాడు. అన్న బొటనవేలి గుర్తు పెట్టాడు. కుడి కిటికీ నాగమణమ్మకు ఇచ్చారు. సులోచనకు చివరి వరుసలో, సామాన్ల పక్కన, మరిది చిన్న కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకునే చోటు ఇచ్చారు.

సూట్‌కేసు పట్టుకుని కిందికి దిగుతూ ఉపాయాలు ఆలోచించింది. గోలీలు సింకులో పారేసి వేసుకున్నానంటే సరిపోతుంది. పది నెలలు అబద్ధమాడిన మనిషికి ఇంకొక అబద్ధం ఏం బరువు? సముద్రమూ దక్కుతుంది, వచ్చాక గదీ దక్కుతుంది. నిజం చెబితే సముద్రం దక్కుతుంది, గది పోతుంది. ఇక నెలకు ముప్పై రోజులూ కిందనే.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన రామ్‌చందర్ చొక్కా జేబులోంచి గోలీల అట్ట తీసి, నీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు.

“నా ముంగటనే వేస్కో. మల్ల మర్చిపోయిన అంటవు.”

“తర్వాత వేసుకుంట.”

“తర్వాత లేదు. ఇప్పుడే.”

ఆయన గోలీ విప్పి అరచేతిలో పెట్టి చాపాడు. నాగమణమ్మ మజ్జిగన్నం కలుపుకుంటూ చూస్తున్నది. మనస్విని పరీక్ష పుస్తకం లోంచి తలెత్తి చూస్తున్నది. ఇంటిల్లిపాదీ తన నోటికేసి చూస్తుంటే సులోచన చేతులు వెనక్కి పెట్టుకుంది. మరిది గృహప్రవేశానికి తొమ్మిది రోజులు మింగిన గోలీలు యాదికొచ్చాయి. ఆ తర్వాత కాలు బోదకాలులా ఉబ్బింది, పన్నెండు రోజులు ఆగకుండా నెత్తురు పోయింది, ఆ పన్నెండు రోజులూ చుట్టాలకు వడ్డిస్తూనే ఉంది. మళ్లీ ఈ గోలీలు వేసుకోవద్దని డాక్టరమ్మ రామ్‌చందర్ ముందే చెప్పింది.

“గివి నాకు పడవు. పోయినసారి కాలు వాచింది.”

“అరె, అది తక్కువైంది గద. మస్తు మంది ఆడోళ్లు వేస్కుంటలేరా? గంత భయమైతె నువ్వుండు. ఇల్లు జూస్కున్నట్టు సుత ఉంటది. సముద్రం యాడికి పోతది, ఇంకోసారి పోవచ్చు.”

నువ్వుండు అన్న మాట అంత తేలిగ్గా వచ్చింది. సులోచన ఆయన మొహంలోకి చూసింది.

“ఏ కాలు వాచింది?”

“ఏంది?”

“ఏ కాలు వాచిందో చెప్పుండ్రి. కుడిదా, ఎడమదా?”

రామ్‌చందర్ నవ్వబోయి ఆగాడు. కూతురు వైపు చూశాడు. మనస్విని తల దించుకుంది. ఆ పిల్లకూ తెలియదు.

“ఎడమది,” అన్నది నాగమణమ్మ, కంచంలోకి చూస్తూ.

సులోచనకు ఒక్కసారిగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ ముసలామె తనను ముట్టుకోలేదు కానీ, చూసింది. ఆ చూపు చాలలేదు, ఇరవై ఆరేళ్లకు అదెక్కడ చాలుతుంది? కానీ నోట్లో ఉన్న అబద్ధం మాత్రం ఆ క్షణానే కరిగిపోయింది.

“గోలీలు అవసరం లేదు,” అన్నది. “నాకు ఆగిపోయింది. పది నెలలైంది.”

నాగమణమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. “అమ్మా!” అన్నది మనస్విని. రామ్‌చందర్ మాత్రం కాస్త ఆలోచించి, మొహం విప్పార్చి, గోలీ మళ్లీ అట్టలో కుక్కే ప్రయత్నం చేశాడు.

“గదే ముందుగాల చెప్తె ఏం పోతుండె? నెత్తినొప్పి తప్పింది. ఇగ గుళ్లకు గిట్ల ఎప్పుడైన పోవచ్చు. అమ్మకు సుత మోకాళ్ల నొప్పులకు వంట తప్పుతది. మంచిదే గద!”

నీ ఒళ్లెట్లుంది అని అడగలేదు. పది నెలలు ఎవరికి చెప్పుకున్నావు అని అడగలేదు. మంచిదే అన్నాడు. సులోచన భయపడ్డది సరిగ్గా ఇదే. ఒక్క నిమిషంలో ఆ మూడు రోజులు కూడా ఆయన చేతిలోకి, అత్త మోకాళ్ల కిందికి, వంటింటి గట్టు మీదికి వచ్చిపడ్డాయి.

నాగమణమ్మ చెయ్యి కడుక్కుని క్యాలెండర్ దగ్గరికి నడిచింది. జనవరి పేజీకి వెనక్కి తిప్పి, అక్కడి ఎర్ర సున్నాల మీద వేలు పెట్టింది.

“మరి గిన్ని నెలలు పైన ఎందుకు కూసున్నవే?” ఆ గొంతులో కోపం లేదు.

“నిద్రపోయేటందుకు అత్తమ్మా.”

నాగమణమ్మ సున్నాల మీద నుంచి వేలు తియ్యలేదు. సులోచన వెళ్లి పక్కన నిలబడి, దారానికి వేలాడుతున్న పెన్సిల్ పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ పెన్సిల్ ఆమె చేతికి రావడం అదే మొదటిసారి. అత్త పక్కకు జరిగి చోటిచ్చింది. సులోచన మార్చి పేజీ తెరిచి, ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు అంకెల చుట్టూ మెల్లగా మూడు సున్నాలు చుట్టింది. రెండోది కాస్త వంకరైంది. దాన్ని మళ్లీ దిద్దింది.

“సముద్రానికి నేను వస్తున్న. కాకినాడ దాటినంక కుడి దిక్కు కిటికీ కాడ కూసుంట. పిల్లగాడు వాళ్లమ్మ ఒళ్లె కూసుంటడు,” అన్నది వెనక్కి తిరగకుండా.

రామ్‌చందర్ చూపు ఇంకా క్యాలెండర్ మీదే ఉంది.

“కూసో, ఎవరొద్దన్నరు? గని గా సున్నాలేంది మల్ల? ఆగిపోయింది అంటివి గద?”

సులోచన పెన్సిల్‌ను వదిలేసింది. అది దారానికి ఊగి ఊగి గోడకు తగిలి నిలిచింది.

“ముట్టు ఆగింది,” అన్నది. “నేను పైకి పోవుడు ఆగది.”