కోతపండగ వంకాయలు

దేవకుమారి వంకాయల్ని మూడోసారి కడిగింది. చింతపండు నీళ్ళలో వేసి రుద్దింది, పైటతో తుడిచింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పోలేదు. అదే పత్తిచేను వాసన.

"ఎన్నిసార్లు కడుగుతావే? చర్చికి వేళవుతోంది," అన్నాడు మొగుడు జక్రయ్య, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

"నిన్న సాయంత్రం కొట్టిన మందయ్యా. ఈ ఏడు ఉత్తచేతులతో పోదాం."

"కోతపండగకి పుచ్చొంకాయలు పట్టుకెళ్తే నా పరువేం కాను? అందుకే చేలో పత్తికి కొట్టగా మిగిలిన మందు కాస్త కొట్టా. ఉడికితే అదే పోద్ది. నోరు మూసుకుని గంప ఎత్తు."

ఎత్తింది. మొయ్యడం ఆమెకు కొత్త కాదు. నల్లరేగడిలో చినుకు పడితే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతున్నాయని, వాగు ఇసకా పెంటా తట్టలతో మోసి, చుట్టూ పగిలిన పెంకులు పేర్చి, పెరట్లో మోకాలెత్తు మడులు లేపింది తనే. పగలంతా పరాయి చేలో పత్తి తీసి వచ్చి, గిన్నెలు కడిగిన నీళ్ళూ పిల్లల స్నానాల నీళ్ళూ వాటికి పోసింది. ఆరేళ్ళుగా ఇంట్లో కూర ఆ మడులదే. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం జక్రయ్య, "పొద్దుపోక మట్టి పిసుక్కుంటా ఉంటది," అని నవ్వేవాడు.

చర్చిలో కానుకల వేలం మొదలైంది. గుమ్మడికాయలయ్యాయి, కోడిపుంజయింది. పాస్టరు జయరావుగారు గంప పైకెత్తి చూపించారు. "మన జక్రయ్య పండించిన వంకాయలు. ఎలా మెరుస్తున్నాయో చూడండి."

మగవాళ్ళ వైపు జక్రయ్య మీసం సవరించుకున్నాడు. దేవకుమారికి చురుక్కుమంది. మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయింది. గంపలో విషముందని తెలిసీ, తన పేరు రాలేదనా ముందు ఏడ్చింది? లేచి చెప్పాలి. చెబితే ఇంటికెళ్ళాక వీపు చిట్లుతుంది. ఎవరో ఒకరు పాట పెంచినప్పుడల్లా లేవబోయి, కొంగు సర్దుకుని కూర్చుంది.

చివరికి గంప రెబ్కా ఒళ్ళోకి వచ్చింది. దేవకుమారి పక్కన సాలులో పత్తి తీసే పిల్ల; అయిదో నెల. దగ్గరికి జరిగి గుసగుసగా అంది: "నోటికి ఏదీ సయించట్లేదక్కా. అయ్యగారు ఎవరి పేరు చెబితే ఏంలే, ఇవి నీ మడుల్లోవని నాకు తెలీదా? అందుకే పాడా. ఈ పూటే గుత్తొంకాయ చేసుకుంటా."

నీ మడులు. ఆ మాట కోసం ఆరేళ్ళు ఎదురుచూసింది. అది ఇప్పుడు, ఇలా వచ్చింది.

దేవకుమారి రెబ్కా ఒళ్ళోంచి గంప లాక్కుని లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఇవి తినేవి కాదండి. నిన్న పత్తిమందు కొట్టిన కాయలు."

పాస్టరుగారు మగవాళ్ళ వైపు తిరిగారు. "ఏమయ్యా జక్రయ్యా?"

"నాకేం తెలుసండి?" అన్నాడు జక్రయ్య, మొహం పక్కకి తిప్పుకుని. "ఆ మడులు దానివి. నేను వాటి వంకే పోను."

మడులు ఆమెవని అతను నలుగురిలో ఒప్పుకోవడం అదే మొదలు.

"నావేనండి," అంది దేవకుమారి, నేల చూస్తూ. "మందు కొట్టింది ఈయన. ఎప్పట్లాగే ఆ మందు పంపు కడిగింది నేను. తెలిసే మోసుకొచ్చా."

రెబ్కా మొహంలోకి చూడలేక, గంప చంకనెత్తుకుని బయటికి నడిచింది. ఇంటికొచ్చి వంగమడి మొత్తం వేళ్ళతో సహా పీకేసింది. రేపు మళ్ళీ పత్తికి మందు కొడతారు. సాయంత్రం జక్రయ్య మామూలుగానే పంపు తెచ్చి, కడగమని ఆమె కాళ్ళ ముందు పడేస్తాడు.

అది అక్కడే పడి ఉంటుంది.