నంబరు వేసే మనిషి

ఆ ఉదయం కూడా వెంకట్రాజం టపా కట్ట విప్పి, ఒక్కో అర్జీని మైలబట్ట పట్టుకున్నట్టు రెండు వేళ్ల కొసలతో ఎత్తి చూస్తున్నాడు. సుబేదారిలోని ఆ సర్కారు ఆఫీసులో ఆయన ఇన్‌వర్డు గుమాస్తా. బయటి నుంచి వచ్చిన కాగితానికి ఆయన ముద్ర కొట్టి, నంబరు వేసి, పుస్తకంలో ఎక్కిస్తేనే అది పుట్టినట్టు లెక్క. సర్వీసంతా చేసింది ఆ ఒక్క పనే. దాన్నే ఏలుబడి అనుకున్నాడు. ఉబ్బిన బుగ్గలు, వక్కాకు నమిలి గారపట్టిన పళ్లు, ఎవరొచ్చినా పైకి లేవని మెడ. రాత బాగాలేదని కొన్ని అర్జీలను, మనిషి నచ్చలేదని కొన్నింటిని పక్కకు నెట్టేవాడు. ఇంట్లో భార్య శకుంతల అన్నానికి పిలిచినా ఒక్క పిలుపుకు పలికిన పాపాన పోలేదు.

ఆ ఏడే, ఎనభై తొమ్మిదిలో, పక్క గదిలోకి కంప్యూటరు వచ్చింది. మండలాఫీసుల్లో టైపు కొట్టిన అర్జీలు టెలిఫోను తీగ మీద వచ్చి అందులో పడేవి. ఎవరూ ముట్టుకోకుండానే అది పేరు, ఊరు, సంగతి విడదీసుకొని, నంబరు వేసుకొని దాచుకునేది.

“గా డబ్బకేం తెలుస్తది? పప్పుడబ్బ నయం” అని, దాన్ని చూసుకునే విజయలక్ష్మికి వినబడేలా నవ్వేవాడు వెంకట్రాజం.

ఎండ ముదిరే వేళకు కాశిబుగ్గ నుంచి మొగిలమ్మ వచ్చింది. మగ్గం నేసే మొగుడు పోయినప్పటి నుంచి పింఛనుకు తిరుగుతున్న మనిషి. ఆమె ఇచ్చిన అర్జీ వెంకట్రాజం బల్ల సొరుగులోనే నలిగిపోయింది. “రేపు రా పో” అనడానికి ఆయన నోరు సిద్ధం చేసుకున్నాడు. ఆమె ఆగలేదు. తిన్నగా పక్క గదిలోకి పోయింది.

“మల్ల మండలాఫీసుల ఇచ్చిన బిడ్డా. జర జూడు.”

“మొన్ననే వచ్చిందమ్మా. మెషీనే నంబరేసుకుంది. పెద్దసారు మంజూరు గూడ జేసిండు.”

వెంకట్రాజం లేచి గుమ్మంలోకి వచ్చాడు. “ఎట్లయితది? నేను ముద్రనే గొట్టలే!”

“ఇప్పుడు ముద్రతోని పన్లేదు సారూ” అంది విజయలక్ష్మి, తెర మీంచి చూపు తిప్పకుండా.

మొగిలమ్మ కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచింది. గుమ్మంలో బీరువా అడ్డముంటే తప్పుకున్నట్టు ఆయన్ని తప్పుకొని పోయింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

మధ్యాహ్నం టపాలో ఒక పెండ్లి పత్రిక, ఎరువుల కంపెనీ క్యాలెండరు వచ్చాయి. ఆయన వాటికీ ముద్ర కొట్టి నంబరు వేశాడు. తర్వాత ఎడమ భుజం రుద్దుకొని, బల్ల మీద తల వాల్చాడు. ఆ బల్ల దగ్గరికి రావలసిన పని ఎవరికీ పడలేదు. పక్క గదిలో యంత్రం నంబర్లు వేసుకుంటూనే ఉంది. పొద్దుగూకే ముందు ఊడ్వడానికి వచ్చిన కట్టమ్మ “సారూ, లెవ్వుండ్రి” అని తట్టాకే తెలిసింది, ఒళ్లు చల్లబడి చాలాసేపయిందని.

నలుగురూ ఎత్తి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. సందడి తగ్గాక కట్టమ్మ మళ్లీ చీపురందుకుంది. కుర్చీ కింద చెప్పు ఒకటి మిగిలిపోయింది. ఆమె దాన్ని చేత్తో ముట్టలేదు. చీపురుతోనే గోడవారకు నెట్టింది. మడమ దగ్గర అరిగి, బొటనవేలికి కొత్త ఉంగటం కుట్టించిన కుడికాలి చెప్పు అక్కడే బోర్లా పడి ఉంది.