పిన్నీసు చిల్లులు

'మందులు సరిగ్గా వాడలేదు' అని డాక్టర్ మహీధర్ ఫైల్లో రాసేశాడు. లూదియాను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

లూదియాకున్నది ఏడేళ్ళ కిందట అత్త జీవమ్మ ఇచ్చిన కిడ్నీ. లూదియా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు దాన్ని పరాయిదనుకుని కొద్దికొద్దిగా పాడుచేస్తున్నాయని చిన్న ముక్క తీసి చేసిన పరీక్షలో తేలింది. అంతవరకూ సరే. అవెందుకు పుట్టాయంటే మాత్రం, ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వచ్చే ఈ టీచరమ్మ మాత్రలు మానేసి ఉంటుందని ఆయనే తేల్చేశాడు. ముందు ముందు ఏ వైద్యం చెయ్యాలో పెద్దాసుపత్రి వాళ్ళు చూసి చెప్పేది ఆ ఫైలునే. మాత్రలే మింగని మనిషికి అంత వైద్యం దేనికని పక్కన పడేస్తే అడిగే దిక్కెవరు? లూదియాకు ఒళ్ళు మండిపోయింది. అత్త ఒళ్ళు కోయించుకుని ఇచ్చినదాన్ని బద్ధకించి పోగొట్టుకుంటారా ఎవరైనా?

మర్నాడు జీవమ్మ కూడా వచ్చింది. సంచిలోంచి ఏడేళ్ళ చర్చి కేలండర్లు తీసి డాక్టర్ బల్ల మీద పరిచింది.

"నాకు సదువు రాదప్పా. పొద్దున ఎనిమిదింటికొకటి, మాపటేల ఎనిమిదింటికొకటి. కోడలు మింగేది కండ్లారా చూసి పిన్నీసుతో పొడిచినా."

తేదీకి రెండు చిల్లులు. మహీధర్ తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"మార్చి పన్నెండున ఒకటే ఉంది. జూన్ తొమ్మిదినా అంతే. మానేసినట్టే కదమ్మా?"

"ఆ తేదీలు మీ ఫైల్లో చూడండి సార్" అంది లూదియా.

చూశాడు. రెండూ ఈ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసిన రోజులే.

"రక్తం తీసేదాకా పొద్దుటి మాత్ర వేసుకోవద్దన్నది మీరే. తీసినాంక ఈడనే వేసుకుంటి. ఆళ్ళగడ్డలో ఉండే అత్త యాడ చూస్తాది? చూడంది ఆమె పొడవదు సార్. మీరు చూడకనే రాసినారు."

మహీధర్ ఫైల్లో తను రాసిన మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. మాత్రలు మానకపోయినా కొందరికి ఇలా అవుతుందని, వైద్యం చేసినా కిడ్నీ నిలుస్తుందని మాట ఇవ్వలేనని గొణిగాడు.

"అది మీ చేతిలో లేదంటే నమ్ముతా సార్. ఇది మాత్రం మీ చేతి రాతే."

ఆ పొద్దు కూడా లూదియా మాత్ర వేసుకోకుండా, పరీక్షకు రక్తం ఇచ్చే వచ్చింది. జీవమ్మ మాత్ర తీసి కోడలి చేతిలో పెట్టి, మింగేదాకా చూసింది. చీరకున్న పిన్నీసు ఊడదీసి కేలండర్లో ఆనాటి తేదీని పొడిచింది.

"ఈసారి నువ్వు గూడా చూసినావు గదప్పా" అంది డాక్టర్‌తో.