సంస్మరణ సంచికలో ఏడో పేజీ

కిషన్ రావు పోయి ఏడాది నిండుతోంది, సంస్మరణ సభ పెడదామని విద్యావతి అంటే కూతురు జ్యోత్స్న సరేనంది. సభకు అధ్యక్షుడిగా జగదీశ్వర్‌ను పిలవాలని, సభలో పంచే సంచికలో ఆయనతో వ్యాసం రాయించాలని అన్నప్పుడు మాత్రం అమ్మకు మతి పోయిందనుకుంది. మతి పోలేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా విద్యావతి ఒక్కటే కోరుకుంటోంది, మొగుడి మీద పడ్డ మచ్చ, అది వేసినవాళ్ల నోటితోనే చెరగాలని.

తొంభై ఒకటిలో, దూరాన నది ఒడ్డునున్న అణు విద్యుత్ కేంద్రంలో కిషన్ రావు షిఫ్టు ఇంజనీరు. ఒక వాల్వు బాగుచెయ్యకుండా రియాక్టరు నడపొద్దని అతను మొత్తుకుంటే, పై అధికారి జగదీశ్వర్ నోటిమాటగా నడపమన్నాడు. భారజలం లీకయింది. ఇద్దరు పనివాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. విచారణలో జగదీశ్వర్ తాను ఆ రోజు సెలవులో ఉన్నానని రాసిచ్చాడు. కంట్రోల్ రూంలో అతన్ని చూసినవాళ్లు బదిలీలకు భయపడి నోళ్లు కుట్టేసుకున్నారు. కమిటీ తప్పంతా కిషన్ రావుదేనని తేల్చింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా పన్నెండేళ్లు అతను రికార్డుల గదిలో పాత కాగితాలకు నంబర్లు వేశాడు.

ఇంట్లో ఒక్కనాడు గొంతు పెంచలేదు. ప్లాంటులో స్నానం చేసొచ్చినా ఇంట్లో మళ్లీ చేసేదాకా బిడ్డను ముట్టుకునేవాడు కాదు. జ్యోత్స్నకు రోజూ రెండు జడలు తనే వేసేవాడు, పాపిడి స్కేలు పెట్టి గీసినట్టు తీసేవాడు. రిటైరై అశోక్ నగర్ వచ్చాక చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుతుంటే కూరగాయలమ్మే బుగ్గమ్మ నవ్వలేక చచ్చేది. ఇంత మంచివాడు దోషి అనిపించుకునే చచ్చిపోయాడు. విద్యావతికి ఏడుపు రాలేదు, కడుపు మండింది.

జగదీశ్వర్ ఎలాంటివాడో ఆమెకు బాగా తెలుసు. పెళ్లికి పోతే పెళ్లికొడుకు, చావుకు పోతే శవం తానే కావాలనుకునే రకం. మన సంస్మరణ సభలు అలాంటివాళ్లకు అత్తారిళ్లు. పోయినవాడి గురించి రెండు ముక్కలు, తమ గురించి ఇరవై ముక్కలు చెప్పుకుని, శాలువా కప్పించుకుని పోతారు. ఆ అలవాటునే నమ్ముకుని ఆమె దోమలగూడలో అతని ఇంటికి వెళ్లింది.

"ఆనాటి సంగతి గుడ రాయుండ్రి సార్. మీ అండ లేకుంటే ఆయన ఏమైపోతుండెనో," అంది. ఆ మాట అంటున్నప్పుడు నాలుక కాలింది, అయినా అంది.

జగదీశ్వర్ కరిగి నీరయ్యాడు. వారంలో పది పేజీలు పంపాడు. చదువుతూ చదువుతూ ఒక చోట విద్యావతి ఆగిపోయింది. 'లీకు జరిగిన ఆ ఉదయం నేనే స్వయంగా కంట్రోల్ రూంలో నిలబడి, వణుకుతున్న కిషన్ రావు భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పాను.' ఇరవై ఏళ్లనాడు ఆడిన అబద్ధాన్ని మనిషి మరిచిపోయాడు, గొప్పను మాత్రం మరవలేదు.

అమ్మ ఎత్తు తెలియని జ్యోత్స్న భాష దిద్దుతానని పెన్ను తీసింది. విద్యావతి చెయ్యి పట్టుకుంది.

"ఒక్క అక్షరం ముట్టకు బిడ్డా. ఆయన ఎట్ల రాసిండో గట్లనే అచ్చు గావాలె."

భయమల్లా ప్రూఫు దగ్గరే. నారాయణగూడలో ప్రెస్సు నడిపే కుమారస్వామి ఆ పేజీలు జగదీశ్వర్‌కు పంపిన రెండు రోజులూ ఆమె అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు అవి తిరిగొచ్చాయి. అతను దిద్దింది ఒక్కటే, తన పేరు ముందు డాక్టర్ అని చేర్చాడు.

ఆమె నల్లకుంట వెళ్లి, విచారణ కమిటీకి పెద్దగా ఉన్న వెంకటరామయ్యను స్వయంగా పిలిచింది. ఎనభై దాటిన ఆయన్ను ఆదివారం సాయంత్రం చిక్కడపల్లి హాల్లో మొదటి వరసలో కూర్చోబెట్టింది. హాలంతా పాత సహోద్యోగులే. అధ్యక్షులవారు తమ వ్యాసం తామే చదివితే బాగుంటుందని మైకులో వినయంగా కోరింది.

జగదీశ్వర్ శాలువా సర్దుకుని, గొంతు సవరించుకుని చదివాడు. ఏడో పేజీకొచ్చాడు. కంట్రోల్ రూం, భుజం, చెయ్యి, ధైర్యం అన్నీ చదివి, చప్పట్ల కోసం తలెత్తాడు. చప్పట్లు రాలేదు. కర్ర ఆనించుకుని వెంకటరామయ్య లేచాడు.

"జగదీశ్వర్, ఆ దినం సెలవుల ఉన్నవని మాకు సంతకం పెట్టి ఇచ్చినవ్ గదా?"

జగదీశ్వర్ కాగితం వైపు చూశాడు. అచ్చయిన పేజీ అది, హాల్లో అందరి చేతుల్లోనూ ఉంది. ఏదో అనబోయాడు, తేదీలు సరిగ్గా గుర్తులేవన్నాడు, నీళ్లడిగాడు. ఎవరూ లేవలేదు. వెంకటరామయ్య విద్యావతి వైపు తిరిగాడు.

"మేం తప్పు రాసినమమ్మా," అన్నాడు అందరూ వినేటట్టు.

జ్యోత్స్న ముఖం కప్పుకుని ఏడ్చింది. విద్యావతికి మాత్రం సంతోషమే కలిగింది, దాచుకోవడమెందుకు? అంతటితో వదిలేస్తే మర్యాదగా ఉండేది. కిషన్ రావు ఉంటే పోనీలే అనేవాడు. అతను లేడు.

కుర్చీలోకి జారబోతున్న జగదీశ్వర్ ముందుకు ఆమె మైకు జరిపింది.

"కూసోకుండ్రి సార్. ఇంక మూడు పేజీలున్నయ్, చదువుండ్రి."