సత్తార్ చెప్పిన పేర్లు

కంప్యూటర్ ప్రోగ్రాం మారుస్తానని హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఝాన్సీలక్ష్మి స్టూలు వేసుకుని తన పక్కన కూర్చున్న మొదటి రోజే సత్తార్ తేల్చేసుకున్నాడు, ఈమె ప్రోగ్రాం మార్చడానికి రాలేదని. ప్రోగ్రాం మార్చే మనిషైతే కంప్యూటర్‌ను చూడాలి కదా! ఈమె దాని మొహం కూడా చూడదు. సత్తార్ చేతుల్నే చూస్తుంది. అతను ఏ అరలో చెయ్యి పెట్టాడు, ఎవరికి ఏమిచ్చాడు, ఎందుకు లేచాడు, అన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంది.

మాచర్ల దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీలో సత్తార్ పద్నాలుగేళ్ళుగా స్టోర్సు గుమాస్తా. ఏ మిషనుకు ఏ సామాను కావాలన్నా అతని కిటికీ దగ్గరకు రావాల్సిందే. ఎనభై నాలుగులో ఆ కిటికీ పక్కన కంప్యూటర్ పెట్టారు. ఫోర్‌మన్ వచ్చి తన రహస్య నెంబరు కొడితే తప్ప అది సామాను ఇవ్వనివ్వదు. ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుడెవరో గానీ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చిన పాపాన పోలేదు. ఫోర్‌మన్ ఉండేది కిల్ను దగ్గర. సున్నపురాయిని కాల్చే ఆ పొడవాటి ఇనుప గొట్టం స్టోర్సుకు అర మైలు దూరం. పని వదిలేసి నెంబరు కొట్టడానికి ఎవరొస్తారు? అందుకే ఫోర్‌మన్లందరూ తమ నెంబర్లు సత్తార్ చెవిన వేసి చేతులు దులుపుకున్నారు.

కిల్ను ఫోర్‌మన్ ఇన్నయ్య పోయినేడాది జబ్బుచేసి చనిపోయాడు. అతని స్థానంలో ఇశ్రాయేలు వచ్చాడు గానీ, కొత్త నెంబరు చేర్చడానికి ఆ ప్రోగ్రాంలో ఖాళీ లేదన్నారు హెడ్డాఫీసు వాళ్ళు. అప్పటి నుంచి కిల్నుకు వెళ్ళే ప్రతి నట్టూ బోల్టూ ఇన్నయ్య నెంబరు మీదే వెళుతోంది. సమాధిలో పడుకున్న మనిషి రోజూ డ్యూటీకి వస్తున్నాడన్నమాట. ఈ సంగతి బయటపడిందా, సత్తార్ ఉద్యోగం ఊడినట్టే.

రెండో రోజు ఆమె పెన్ను తిప్పుతూ, "ఇన్నయ్య గారంటే ఎవరండీ?" అని అడిగింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సత్తార్ మొహం తుడుచుకున్నాడు. "ఉన్నాడులెండి, కిల్ను దగ్గర," అన్నాడు.

ఆమె అది కూడా రాసుకుంది. సత్తార్‌కు ఆ పూట అన్నం సహించలేదు. చూడ్డానికి మెత్తని మనిషి, మాట కూడా మెత్తన. ఇలాంటి వాళ్ళే కొంపలు ముంచుతారనుకున్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి రూలంటే రూలే. నెంబరు లేదా, మేనేజరు దగ్గరకు వెళ్ళి చీటీ తెచ్చుకో. సామాను కోసం వచ్చినవాళ్ళు సత్తార్‌కు పిచ్చిపట్టిందని తిట్టుకుంటూ వెళ్ళారు.

మూడో రోజు కిల్ను ఫ్యాను బేరింగు విరిగింది. మేనేజరు పనిమీద నరసరావుపేట వెళ్ళాడు. ఇశ్రాయేలే పరుగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"ఏంది సత్తార్ బాయ్, మావోణ్ణి ఉత్త చేతుల్తో పంపిచ్చావంట? ఏడి మీద కిల్ను తిరక్కుండా ఆగితే గొట్టం నడుం వంగిపోద్దని తెలవదా నీకు?"

"చీటీ తీసుకురా."

"చీటీ ఏందయ్యా కొత్తగా! రోజూ కొట్టినట్టే ఇన్నయ్య నెంబరు కొట్టి ఇయ్యి!"

ఝాన్సీలక్ష్మి పెన్ను ఆగింది. కిటికీ అవతల ఇశ్రాయేలు ఊచల్లోంచి చెయ్యి చాపాడు. పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకుని సత్తార్ లేచి, బేరింగు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఆమె చూస్తుండగానే చనిపోయినవాడి నెంబరు కొట్టాడు.

"రాసుకోండి మేడమ్," అన్నాడు. "నన్ను పట్టుకోటానికేగా వచ్చింది?"

"ఇన్నయ్య గారు లేరని నాకు హైదరాబాదులోనే తెలుసండీ," అంది ఆమె. "మిమ్మల్ని కాదు, ప్రోగ్రాం తప్పును పట్టుకుందామని వచ్చాను. నిన్నటి నుంచి మీరు చూపిస్తున్నది ఆ ప్రోగ్రాం చెప్పే పని. నాకు మీరు చేసే పని కావాలి."

అతను వెంటనే నమ్మలేదు. వారం రోజులు చూశాడు. మెమో రాలేదు, మేనేజరు పిలవలేదు. ఎనిమిదో రోజున నోరు విప్పాడు. పద్నాలుగేళ్ళుగా అడిగినవాడే లేడు, విప్పాక ఆగుతుందా! కంప్యూటర్‌లో సామాన్లకు ఉండే ఏడంకెల నెంబర్లు ఇక్కడ ఎవరికీ తెలియవని, ఏనుగు చెవి, ముసలమ్మ పన్ను, ఒంటె మెడ అని అడుగుతారని చెప్పాడు. ఏది ఏ అరలో ఉంటుందో, ఏది విరిగితే దాంతోపాటు ఏది మార్చాలో చెప్పాడు. ముందు సామాను ఇచ్చి, షిఫ్టు దిగేలోపు చీటీ రాయించుకుంటే ఏ గొడవా ఉండదన్నాడు. ఆమె మూడు నోటుబుక్కులు నింపింది. అన్నాళ్ళూ సత్తార్ పెళ్ళికొడుకులా తిరిగాడు.

రెండు నెలల తర్వాత ఆమె కొత్త ప్రోగ్రాం తెచ్చింది. అదే రోజు పొద్దున సత్తార్‌కు ఆర్డరు అందింది. స్టోర్సు పని సులువైంది కనుక అనుభవం ఉన్న గుమాస్తా అక్కర్లేదట. అతన్ని వినుకొండ గోడౌనుకు బస్తాలు లెక్కపెట్టడానికి మార్చారు. ముందు వాకిట్లో కర్ర పట్టుకుని కాపలా కాసి, పెరటి తలుపు తానే తీసిపెట్టానని అప్పుడు తెలిసింది అతనికి. ఆ కాగితం జేబులో పెట్టుకునే ఆమె పక్కన కూర్చున్నాడు.

"తప్పులేమైనా ఉంటే చెప్పండి సత్తార్ గారూ," అంది.

ఒక్కో పేరూ చూసుకుంటూ పోయాడు. అన్నీ అతను చెప్పినవే. ఒక్కచోట ఆగాడు. కిల్నును మోసే కుడి రోలరు ప్లేటు, ఎడమ రోలరు ప్లేటు తారుమారయ్యాయి. ఆమె డ్రాయింగు చూసి రాసినట్టుంది. ఇక్కడివాళ్ళు కుడి ఎడమలు మంట వైపు నిలబడి చెబుతారు. ఇది ఇలాగే వదిలేస్తే నెల తిరక్కుండా ఒకదానికి మరొకటి వెళుతుంది, కిల్ను ఆగుతుంది, సత్తార్‌ను పిలవండిరా అంటారు. వదిలేయాలనే ఉంది అతనికి. కానీ ఆ ప్లేటు బిగించేటప్పుడు కిల్ను బరువు కింద దూరేది ఇశ్రాయేలు.

"ఇది తిరగెయ్యమ్మా," అన్నాడు. "మంట వైపు నిలబడి చూస్తే అది కుడి."

ఆమె గబగబా సరిచేసి, తృప్తిగా వెనక్కి వాలింది. "హమ్మయ్య! ఇక మీరు లేకపోయినా ఎవరైనా ఇవ్వగలరండీ."

తెలిసి అందో, తెలియక అందో. సత్తార్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏమీ దొరకలేదు.

"ఇస్తారమ్మా," అన్నాడు.